తుఫానుకి ఒరిగిన చెట్టుని వెంటనే కొట్టేయకండి



ఈసారి పంట గురించి కాదు, ఇంటి దగ్గర చెట్టు గురించి రాస్తున్నాను. వీడియోలో మా పెరట్లో పనస చెట్టు మొదలు మీద ఉన్న పాత గాయం చూపించాను. దాని వెనకాల సంగతి అంతా వీడియోలో చెప్పడానికి వీలు కాలేదు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. గాలికి ఒరిగిన చెట్టు, కొమ్మ చీలిన చెట్టు అన్నీ చచ్చిపోయినట్టు కాదు. వాటిలో చాలావాటిని తుఫాను చంపడం లేదు. తుఫాను వెళ్ళిన వారం రోజుల్లో మనమే రంపం పెట్టి చంపుతున్నాం. ఇంటి మీదో, దారి మీదో, కరెంటు తీగల మీదో పడే ప్రమాదం ఉంటే ఆ చెట్టు తీసెయ్యాల్సిందే, అందులో వాదన లేదు. ఆ ప్రమాదం లేనప్పుడు మాత్రం కొట్టాలా వద్దా అన్న నిర్ణయానికి కనీసం పదిహేను రోజులు ఆగాలి. ఆ పదిహేను రోజులూ ఊరికే కూర్చోమని కాదు, చెయ్యాల్సిన పని చాలా ఉంది. అది కూడా చెప్తాను.

ఆ రోజు పెరట్లో చూసింది

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస కలిసి పెరిగే నేల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్యలో 165 దాకా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తోటలకి తోటలు పడుకున్నాయి. ఆ నష్టం గురించి అప్పట్లో పేపర్లలో వచ్చింది, మీరంతా చదివే ఉంటారు. ఇంటి పెరట్లో ఉన్న చెట్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

గాలి తగ్గాక తలుపు తీశాను. ఎప్పుడూ నీడలో ఉండే పెరడంతా తెల్లగా వెలుతురుగా ఉంది. అప్పుడే అర్థమయింది. మా పనస చెట్టు నాయనమ్మ వేసింది. ఛాతీ ఎత్తు దగ్గర రెండు పెద్ద కొమ్మలుగా పంగ చీలి ఉంటుంది. పడమటి కొమ్మ ఆ పంగ దగ్గర ఊడి, మోకాలి ఎత్తు దాకా బెరడుని లాక్కుంటూ కింద పడింది. తెల్లటి పాలు కారి, వాన నీళ్ళతో కలిసి మొదలంతా మరకలు కట్టింది. రెండో కొమ్మ నిలబడే ఉంది గానీ, చెట్టు మొత్తం పడమటికి ఒరిగింది. తూర్పు వైపు మట్టి మూత తీసినట్టు జానెడు ఎత్తు లేచింది. చేతి మందం వేర్లు రెండు తెగి బయటికి కనపడుతున్నాయి.

అమ్మ వచ్చి చూసింది. ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి నాలుగు గోనె సంచులు పట్టుకొచ్చి, తడిపి, ఆ తెగిన వేర్ల మీద కప్పింది. కొబ్బరి మొక్కలు తవ్వి తీసేటప్పుడు వేర్లు ఎండకుండా ఎలా కప్పుతుందో, అలాగే.

ఆ లోపల పక్కింటి పెదనాన్న వచ్చారు. వాళ్ళ కొబ్బరి చెట్లు ఆరు పోయాయి, మనిషి అప్పటికే నీరసంగా ఉన్నారు.

"ఏటి బాబూ ఇంకా సూస్తన్నావు? సెట్టు పోనాది. కలపోడికి కబురెట్టు. ఆలీసమైతే ఆడు కూడా రాడు."

అమ్మ తల ఎత్తకుండానే అంది, "పోనాదో లేదో సెట్టే సెప్తాది బావగారూ. నాల్రోజులు ఆగండి."

నేను చదువుకున్న డిప్లొమాలో అంట్లు కట్టడం నేర్పారు, తోటల్లో కొమ్మలు కత్తిరించడం నేర్పారు. గాలికి ఒరిగిన పెద్ద చెట్టు దగ్గర నిలబడితే ముందు ఏం చూడాలో ఒక్క పూట కూడా చెప్పలేదు. ఆ రోజు అమ్మ చేసిన పనే సరైన మొదటి పని అని తర్వాత చదివి తెలుసుకున్నాను.

తొందర ఎవరికి?

మూడో రోజుకి కలప వ్యాపారి రానే వచ్చాడు. పనస కర్రకి గిరాకీ ఎందుకుంటుందో మన ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. బొబ్బిలి వీణ చేసేది ఆ కర్రతోనే. తలుపులకి, బల్లలకి చెద పట్టని మంచి చేవ. కానీ ఆయన చెప్పిన రేటు మామూలు రోజుల్లో వచ్చే దాంట్లో సగం కూడా లేదు. ఆయన్ని తప్పుపట్టను. ఊరూరా చెట్లు పడి ఉన్నప్పుడు రేటు పడిపోతుంది, అది వ్యాపారం. నేను అడిగేది మనల్ని. సరుకు ఎక్కువై రేటు అడుగంటిన వారంలో మనం ఎందుకు అమ్మాలి? మిర్చి అయితే అలా అమ్ముతామా?

ఒక్కసారి లెక్క వేసుకోండి. నిలబడి ఉన్న చెట్టుని ఈ నెల కాకపోతే వచ్చే నెల కొట్టించవచ్చు, వచ్చే ఏడాది కొట్టించవచ్చు. చెట్టు చివరికి చచ్చిపోయినా పనస చేవ ఒక్క నెలలో పాడైపోదు. ఆగినందువల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. కొట్టేసిన చెట్టుని మాత్రం మళ్ళీ నిలబెట్టలేం. గింజ పెడితే పనస కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు. అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్ళు అంటారు గానీ, అది కాయలకి మాత్రమే. ఇంటికి నీడ పట్టడానికి, గాలికి అడ్డు నిలవడానికి, కింద మిరియం తీగ పాకించడానికి అంటు మొక్కకి కూడా పదిహేనేళ్ళు పడుతుంది.

"సెంటిమెంటుతో వ్యవసాయం చెయ్యలేం తమ్ముడూ" అని ఒక రైతన్న నాతో అన్నారు. నేను అలా అనుకోను. ఇంటి చెట్టు మీద ప్రేమ అంటే ముప్పై నలభై ఏళ్ళ పరిచయం. ఏ కొమ్మ ముందు కాస్తుంది, ఏ పక్క నీళ్ళు నిలిస్తే ఆకు పసుపెక్కుతుంది, ఏ నెలలో పిందె రాలుతుంది, ఇవన్నీ ఇంట్లో వాళ్ళకి తెలుసు. కొత్త మొక్క గురించి ఇంత తెలియడానికి ఇంకో తరం కావాలి. దీన్ని సెంటిమెంటు అని కొట్టిపారేస్తే మన చేతిలో ఉన్న సమాచారాన్నే పారేసినట్టు.

బతికే చెట్టు, బతకని చెట్టు

ముందు కరెంటు తీగలు చూడండి. తీగ తగిలి ఉంటే లైన్‌మన్ వచ్చి సప్లై ఆపానని చెప్పేదాకా చెట్టు దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వకండి. తర్వాత తల పైకెత్తి చూడండి. విరిగి, ఇంకో కొమ్మకి చిక్కుకుని వేలాడే కొమ్మే అన్నిటికన్నా ప్రమాదం. అది దించేదాకా కింద నిలబడొద్దు, పిల్లల్ని రానివ్వొద్దు.

ఆ తర్వాత మూడు చూడాలి. వేరు, మొదలు, తల. ఈ వరసలోనే చూడాలి. మనం తలకిందులుగా చూస్తాం. ఆకులు రాలి మోడులా కనపడగానే చెట్టు పోయింది అనేస్తాం. ఆకు పోవడం చావు కాదు. వేప, మామిడి, పనస, జీడి అన్నీ ఆకంతా పోయినా మళ్ళీ చిగురు వేస్తాయి.

వేరు: గాలి ఏ వైపు నుంచి కొట్టిందో ఆ వైపు వేర్లు లాగబడి తెగుతాయి. ఒరిగిన వైపు వేర్లు మడత బందులాగా వంగి నిలుస్తాయి. మొదలు చుట్టూ తిరిగి మట్టి ఎంత మేర లేచిందో చూడండి. చుట్టుకొలతలో మూడో వంతు కన్నా తక్కువ లేస్తే గట్టి ఆశ ఉంది. సగం దాటితే పెద్ద చెట్టుకి కష్టం. ఇది నేను పని కోసం పెట్టుకున్న లెక్క. ఇంకో పరీక్ష కూడా ఉంది. కాస్త గాలి వీస్తున్నప్పుడు దూరంగా నిలబడి నేల చూడండి. చెట్టు ఊగినప్పుడల్లా మొదలు దగ్గర మట్టి లేస్తూ దిగుతూ ఉంటే ఆ చెట్టు ఇంకా పడుతూనే ఉందని అర్థం. అది ఇంటి పక్కనుంటే ఆగొద్దు, తీయించెయ్యండి.

మొదలు: గోటితో గానీ కత్తి మొనతో గానీ బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. చుట్టూరా బెరడు సగం కన్నా ఎక్కువ ఊడిపోతే, లేదా మొదలు నిలువునా నేల దాకా చీలిపోతే, ఆశ తక్కువ.

తల: బరువు ఒకవైపే మిగిలిందా అని చూడాలి. మా చెట్టుకి పడమటి కొమ్మ పోయింది కాబట్టి ఒరిగిన వైపు బరువు తగ్గింది. ఒక రకంగా అదే దాన్ని కాపాడింది.

కొబ్బరి లెక్క వేరు

కొబ్బరికి పై మాటలన్నీ వర్తించవు. కొబ్బరికి కొమ్మలు లేవు, పక్క చిగురు రాదు. ప్రాణమంతా పైన మొవ్వులో ఒక్కచోటే ఉంటుంది. మొవ్వు తిరిగిపోయినా విరిగినా ఆ చెట్టు ఇంక లేవదు, ఎంత జీవామృతం పోసినా లేవదు. నడి ఆకు లాగితే ఊడి వచ్చి, అడుగున కుళ్ళు వాసన వస్తే చెట్టు పోయినట్టే. ఇంకో తేడా, కొబ్బరి మానుకి పడ్డ గాయం మామిడి బెరడులాగా చుట్టూ పెరిగి మూసుకోదు.

అదే మొవ్వు బాగుండి, మాను కొంచెం ఒరిగితే మాత్రం కొట్టకండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి తొక్కండి. మొదలు నుంచి కొత్త వేర్లు వస్తాయి, తల మెల్లగా పైకి తిరుగుతుంది. ఒరిగి మళ్ళీ లేచిన కొబ్బరి చెట్లు కోనసీమలోనూ ఉద్దానంలోనూ వంకర మానుతో ఇప్పటికీ కాస్తున్నాయి.

పడిపోయిన కొబ్బరి మానులు తోటలో వదిలెయ్యడం కూడా మంచిది కాదు. కుళ్ళే మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. గాయపడ్డ చెట్టు వాసనకి ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. బతికిన చెట్లు ఆ తర్వాత ఏడాదిలో పోవడానికి ఇదొక కారణం. కాబట్టి పనస, మామిడి దగ్గర తొందర వద్దు గానీ, చచ్చిన కొబ్బరి మానుల్ని తీసెయ్యడంలో తొందరపడండి.

మొదటి పదిహేను రోజుల పని

వేర్లు కప్పడం అదే రోజు జరగాలి. ఎండ తగిలితే పిల్లవేర్లు గంటల్లో ఎండిపోతాయి. తెగి చీలికలు పడ్డ వేరుని పదునైన కత్తితో నున్నగా కోసి, మట్టి వేసి, గాలి బొరియలు లేకుండా కాలితో మెల్లగా అదమండి. లేచిన మట్టిని జేసీబీతో నొక్కించకండి. మిగిలిన వేర్లు కూడా నలిగిపోతాయి.

చిన్న చెట్టు, అంటే మొదలు మన పిక్కంత లావు ఉన్నది అయితే, మోకు కట్టి నిలబెట్టి మూడు వైపులా ఊత కర్రలు పాతవచ్చు. పెద్ద చెట్టుని లాగి నిటారుగా చెయ్యాలని చూడకండి. లాగితే ఒరిగిన వైపు మిగిలిన వేర్లు కూడా తెగుతాయి. ఉన్న ఒరుగుడు మీదే పంగ కర్రలతో ఊతం ఇవ్వండి. కట్టడానికి ఇనుప తీగ వద్దు, బెరడు కోసేస్తుంది. పాత సైకిల్ ట్యూబు, గోనె పట్టీ వాడండి.

విరిగిన కొమ్మ కోసేటప్పుడు మూడు కోతలు. మొదట మానుకి అడుగు దూరంలో కింది నుంచి కొంచెం. తర్వాత దానికి కాస్త బయటగా పై నుంచి పూర్తిగా. బరువు పడిపోయాక, మిగిలిన ముక్కని మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడ వదిలి కొయ్యాలి. ఆ మెడ నుంచే కొత్త బెరడు పుట్టి గాయం చుట్టూ పెరుగుతుంది. నున్నగా ఉండాలని మానుకి అంటి కోసేస్తే గాయం పెద్దదై మూసుకోదు.

విరిగినవి మాత్రమే తియ్యండి. "తేలిక చేద్దాం" అని మంచి కొమ్మలు కూడా కొట్టేసి గుండు చెయ్యకండి. చెట్టుకి తిండి వండేది ఆకు. వేర్లు తెగి బలహీనంగా ఉన్నప్పుడు ఆకు కూడా తీసేస్తే తినడానికి ఏముంటుంది?

నీడ పోయిన మాను మీద ఎండ సూటిగా పడితే బెరడు కాలి పగులుతుంది. పడమటి, దక్షిణం వైపు సున్నం నీళ్ళు పూయండి. పాదు చుట్టూ ఎండాకు, గడ్డి, కొబ్బరి పీచుతో ఆచ్ఛాదన నాలుగైదు అంగుళాలు వెయ్యండి. మొదలుకి మాత్రం జానెడు దూరం వదలాలి. పనసకి నీళ్ళు నిలిస్తే అసలు పడదు, వాన నీరు బయటికి పోయే కాలవ ముందు తియ్యండి.

జీవామృతం గురించి చాలామంది అడుగుతారు. నేను పదిహేను ఇరవై రోజుల తర్వాతే పోస్తాను. అది కూడా మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచు పడే చోట. పిల్లవేర్లు ఉండేది అక్కడే. యూరియా వేసి చిగురు తెప్పిస్తామనే వాళ్ళ మాట వినకండి. వేరు కుదురుకోకుండా పైన చిగురు తోసుకొస్తే చెట్టు దాచుకున్న బలమంతా ఖర్చయిపోతుంది.

గాయానికి ఏం పూయాలి?

దీని మీద మనవాళ్ళలో పెద్ద గొడవే ఉంది. ఒకరు బోర్డో పేస్టు అంటారు, ఒకరు ఆవు పేడ, ఎర్రమట్టి అంటారు, ఇంకొకరు తారు పూస్తారు, సిమెంటు కూరుస్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కోత సరిగ్గా ఉంటే పూతతో పెద్ద పని లేదు. కోత తప్పుగా ఉంటే ఏ పూతా కాపాడదు.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి, గాయం దగ్గర లోపల ఏం జరుగుతుందో చూశారు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదని ఆయన తేల్చారు. చెట్టు పాడైన భాగాన్ని లోపల గోడలు కట్టి వేరు చేస్తుంది, దాని పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. ఆ పని మనం చెయ్యలేం, పాడుచెయ్యకుండా ఉండగలం అంతే. పేడ మట్టి పలచగా పూస్తే ఎండ నుంచి కాపు, నేను కూడా అదే పూశాను. కానీ తొర్రలో సిమెంటు మాత్రం కూర్చకండి. చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో నీళ్ళు చేరి కుళ్ళుతుంది.

పెద్ద చెట్లకి చేసింది ఇంటి చెట్టుకి చెయ్యలేమా?

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మీకందరికీ తెలుసు. సుమారు 700 ఏళ్ళ మర్రి అని చెప్తారు. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది, లోపల చెద తినేసింది. చెట్టు పోయిందని ఎవరూ రంపం పట్టుకు రాలేదు. సందర్శకుల్ని ఆపారు, బరువైన కొమ్మలకి ఊతాలు కట్టారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోరిపైరిఫాస్ నీళ్ళు చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ పురుగు మందు దారి మన దారి కాదు. కానీ ఓపిక మాత్రం నేర్చుకోవాల్సిందే.

గోదావరి ఒడ్డున, కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టు ఉంది కదా. దాదాపు 150 ఏళ్ళ నిద్రగన్నేరు, ఎన్నో సినిమాల్లో కనపడింది. 2024 ఆగస్టులో కూలిపోయింది. జనం వచ్చి ఏడ్చారు. ఆ తర్వాత దాన్ని బతికించే ప్రయత్నం చేస్తే మళ్ళీ చిగుర్లు వచ్చాయి. కూలిన వారమే ముక్కలు చేసి లారీ ఎక్కించి ఉంటే ఆ చిగురు ఎవరూ చూసేవాళ్ళు కాదు.

పేరున్న చెట్టుకి ఇచ్చిన గడువు, పేరు లేని మన పెరటి చెట్టుకి కూడా ఇవ్వమని అడుగుతున్నాను.

అన్నీ బతుకుతాయని మాత్రం చెప్పను. మా పక్క వీధిలో ఒక మామిడి చెట్టుకి ఇవన్నీ చేశాం. మొదటి ఏడాది చక్కగా చిగురు వేసింది, రెండో వేసవిలో నిలువునా ఎండిపోయింది. అప్పుడు దాన్ని నెమ్మదిగా, మామూలు రేటుకే అమ్మారు. ఆగినందుకు వాళ్ళకి నష్టం రాలేదు. మా పనసకి 2019 వేసవిలో ఒక్క పిందె కూడా నిలవలేదు. 2020లో మొదలు మీద నాలుగు కాయలు. పనస మాను మీదా ముదురు కొమ్మల మీదా కాస్తుంది కాబట్టి, తల సగం పోయినా కాపు మొత్తం పోదు. ఇప్పుడు ఏటా పాతిక ముప్పై కాయలు వస్తున్నాయి. మునుపటంత కాదు. ఒరుగుడు అలాగే ఉంది, ఊత కర్రలు రెండుసార్లు మార్చాం. గాయం అంచులు రెండు వైపుల నుంచి లావుగా మడత పడుతూ దగ్గరికి వస్తున్నాయి. వీడియోలో నేను వేలు పెట్టి చూపించింది అదే.

గాలి కన్నా ముందు పడగొట్టేది మనమే

తుఫాను తర్వాత మా వీధులు తిరిగి చూస్తే ఒకటి గమనించాను. ఇళ్ళ దగ్గర వేళ్ళతో సహా లేచిన చెట్లలో చాలావాటికి ఒక పక్క వేర్లు అప్పటికే లేవు. ఒకచోట కాలవ తవ్వారు, ఒకచోట పైపులైను, ఒకచోట ప్రహరీ పునాది. ఇంకొన్నిటికి మొదలు దాకా సిమెంటు చేశారు. వాకిలి శుభ్రంగా ఉంటుందని చేస్తాం. కానీ నీళ్ళు, గాలి అందక వేర్లు పక్కకి పాకవు. చెట్టు పెద్ద వేర్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. మొదలుకి మూడు అడుగుల దూరంలో గుంత తవ్వితే "చెట్టుకి తగల్లేదు" అనుకుంటాం. ఆ పక్క పట్టు మొత్తం తెగిపోయి ఉంటుంది.

తీగల కింద ఒకవైపే కొమ్మలు కొట్టడం ఇంకొకటి. చెట్టు ఒక పక్కకి బరువు తూగి, గాలి వచ్చినప్పుడు ఆ పక్కకే పడుతుంది. అప్పుడు "ముసలి చెట్టు, పడిపోయింది" అంటాం.

నష్టం లెక్కల్లో లేని చెట్టు

విపత్తు సాయం నిబంధనలు శాశ్వత పంటలకి హెక్టార్ల లెక్కన ఉంటాయి. 33 శాతం, అంతకన్నా ఎక్కువ నష్టం జరిగితేనే. 2022-26 నిబంధనల్లో హెక్టారుకి 22,500 రూపాయలు, అది కూడా రెండు హెక్టార్ల దాకా. ఇంటి స్థలంలో ఉన్న ఒక్క పనస, ఒక్క చింత, రెండు కొబ్బరి చెట్లు ఏ హెక్టారులోకి వస్తాయి? ఈ-క్రాప్‌లో వాటికి గడి లేదు. భూమి లేని వాళ్ళకి ఆ ఒక్క చెట్టే తోట. పిల్లల స్కూలు ఖర్చు ఆ కాయల మీద వెళ్ళదీసే ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. లెక్క రాసుకునే వాళ్ళు పడిపోయిన చెట్టుని రాసుకుంటారు. ఒరిగిన చెట్టుని రాస్తారో లేదో తెలియదు. ఆ భయంతో, లెక్కకి వచ్చే ముందే ఒరిగిన చెట్లని కొట్టేసిన వాళ్ళని నేను చూశాను. నష్టం చూపిస్తేనే సాయం అన్నప్పుడు పేదవాడు ఇంకేం చేస్తాడు?

నేను డబ్బు పెంచమని అడగడం లేదు. తుఫాను వెళ్ళిన మొదటి వారంలో మండలానికి ఒక జట్టు పంపండి. చైన్ రంపం, మోకులు, చెట్టు ఎక్కగలిగిన ఇద్దరు, కొమ్మ ఎలా కొయ్యాలో తెలిసిన ఒకరు చాలు. రైతు సేవా కేంద్రంలో పేరు రాయిస్తే వచ్చి, ఏది ఉంచాలి, ఏది తియ్యాలి చెప్పి, వేలాడే కొమ్మలు దించి వెళ్ళాలి. "నిలబెట్టిన చెట్టు" అని కూడా ఒక గడి పెట్టి, దానికీ ఎంతో కొంత సాయం ఇవ్వాలి. వ్యవసాయ డిప్లొమా చదివే పిల్లలకి ఈ పని ఒక్క రోజు చేతులతో చేయించినా ప్రతి మండలానికీ మనుషులు తయారవుతారు.

అక్టోబరు లోపల

2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న. మన తీరానికి అక్టోబరు, నవంబరు ఎలాంటివో అందరికీ తెలిసిందే. ఆ నెలలు రాకముందే, జూన్ జులైలోనే, ఇంటి చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. మొదలు దాకా సిమెంటు ఉంటే చుట్టూ కనీసం నాలుగు అడుగులు పగలగొట్టి మట్టి బయటపెట్టండి. ఎండు కొమ్మలు ఉంటే తీయించండి. పంగ దగ్గర నెర్రె కనపడితే రెండు కొమ్మలకీ కలిపి వెడల్పాటి పట్టీ కట్టండి. కొత్తగా కాలవో పైపో తవ్వుతుంటే పక్కన నిలబడి, చెట్టుకి దూరంగా తవ్వమని చెప్పండి. ఇంట్లో రెండు మోకులు, పది గోనె సంచులు విడిగా పెట్టుకోండి.

మీ దగ్గర ఒరిగిన చెట్టు ఉంటే ఫొటో పెట్టండి. చెట్టు మొత్తం ఒకటి, మట్టి లేచిన వైపు మొదలు దగ్గరగా ఒకటి. కొట్టాలో ఉంచాలో ఫొటో చూసి తేల్చలేను గానీ, ఇంకా ఏమేం చూడాలో చెప్తాను. ఈ లోపల వేర్ల మీద తడి సంచి కప్పండి.

ఉంటాను.